సముద్రం ఆటగాడా, ప్రేక్షకుడా?

“సముద్రం ఏదిరా?” రెండో హోల్ గ్రీన్ మీంచి దిగుతూ అడిగాడు మేనమామ. “మనిషికి ఆరువందల డాలర్ల పైన వదిలించావు. ఇప్పటిదాకా కనబడినవి ఇళ్లూ, చెట్లూ, ఇసుక గుంటలూ. ఇవి మీ శాన్‌హోసేలో లేకనా ఇంత దూరం కారు తోలుకొచ్చావు?”

“ఇంకొక్క హోల్ ఓపిక పట్టండి మామయ్యా.”

“మా ఊళ్లో మొదటి టీ మీద నిలబడితేనే ఉప్పుగాలి మొహాన కొడుతుంది.”

“కొడితే కొట్టనీండి. మీ సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్‌లో పద్దెనిమిది హోల్స్ ఆడినా ఒక్క బంతి సముద్రంలో పడదు. దాన్ని సముద్రపు గోల్ఫ్ అని ఎట్లా అంటారు?”

పేచీ అక్కడ మొదలైంది.

మేనమామ పుట్టింది చీరాల దగ్గర ఒక సముద్రపు ఊళ్లో. విశాఖలో మెడిసిన్ చదివి, స్కాట్లాండ్ వెళ్లి డండీలో మత్తు డాక్టరుగా పనిచేసి, రిటైరయ్యాక టే నది దాటి సెయింట్ ఆండ్రూస్‌లో ఇల్లు కొనుక్కున్నాడు. మేనల్లుడు శాన్‌హోసేలో చిప్‌ల కంపెనీ ఇంజనీరు. గోల్ఫ్ అంటే ఇద్దరికీ పిచ్చే. కాకపోతే ఒకరి దేవుడు ఒకరికి పడడు.

వాళ్లు ఆడుతున్నది కాలిఫోర్నియాలో, మాంటెరే ద్వీపకల్పం మీద, పెబుల్ బీచ్ గోల్ఫ్ లింక్స్‌లో. 1919 ఫిబ్రవరి 22న తెరిచిన కోర్సు ఇది. శామ్యూల్ మోర్స్ అనే ఆయన (టెలిగ్రాఫ్ మోర్స్‌కి దూరపు చుట్టం, పేరూ అదే) ఈ తీరంలో ఒక కంపెనీకి ఉన్న ఆస్తుల్ని అమ్మిపెట్టడానికి వచ్చాడు. నీటి అంచుని ఇళ్ల స్థలాలుగా ముక్కలు చేసే బదులు అక్కడ గోల్ఫ్ పెడితే వెనకున్న స్థలాలకి గిరాకీ పెరుగుతుందని లెక్క వేశాడు. దాన్ని గీసిన జాక్ నెవిల్, డగ్లస్ గ్రాంట్ ఇద్దరూ అమెచ్యూర్ ఆటగాళ్లు. నెవిల్ అదే కంపెనీలో స్థలాలు అమ్మే ఉద్యోగి. దారిని ఎనిమిది అంకె ఆకారంలో తిప్పి, వీలైనన్ని హోల్స్‌ని కొండ అంచుకి తీసుకొచ్చారు. ఇవాళ పద్దెనిమిదిలో తొమ్మిది సముద్రాన్ని ఒరుసుకుంటూ పోతాయి: నాలుగు నుంచి పది దాకా ఏడు, చివర రెండు. మొదట్లో మాత్రం ఆటగాణ్ణి లోపల తిప్పుతారు. మేనమామ ఫిర్యాదులో అబద్ధం లేదు.

నాలుగో హోల్ దగ్గర కుడిచేతి పక్క నేల తెగిపోయింది. కింద స్టిల్‌వాటర్ కోవ్, దాని అవతల కార్మెల్ అఖాతం. మేనల్లుడు టీ మీద బంతి పెట్టకుండా మామ మొహంలోకి చూశాడు.

“బాగుంది. కాదన్నానా? కానీ నన్ను ఫొటో చూడ్డానికి తీసుకొచ్చావా, ఆడటానికా?”

“చూస్తూ ఆడితే పాపమా?”

“చూడు, మన చీరాల వైపు బీచ్‌కీ పొలాలకీ మధ్య ఇసుక దిబ్బలుండేవి. వరి పండదు. సరుగుడు వేసేవాళ్లు, లేదంటే గొర్రెల్ని తోలేవాళ్లు. స్కాట్లాండ్‌లో గోల్ఫ్ పుట్టింది సరిగ్గా అట్లాంటి నేల మీద. దాన్నే లింక్స్ అంటారు. మంచుయుగం అయ్యాక సముద్రం వెనక్కి తగ్గుతూ వదిలిపెట్టిన ఇసుక అది. గాలి దాన్ని మడతలు పెట్టింది. కుందేళ్లూ గొర్రెలూ గడ్డిని కొరికి పొట్టి చేశాయి. చలిగాలికి గొర్రెలు ఒదిగి పడుకున్న గుంటలే బంకర్లయ్యాయంటారు. ఓల్డ్ కోర్స్‌ని మొదట గీసినవాడంటూ ఎవరూ లేరు. ఆ నేలని చేసింది సముద్రం. బంతి పడ్డాక ఎటు దొర్లాలో ఇప్పటికీ ఆ నేలే చెబుతుంది. ఇక్కడ సముద్రం కొండ కింద కూచుని చూస్తోంది, అంతే. టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడు.”

“టిక్కెట్టు కొన్నది నేను,” అని మేనల్లుడు డ్రైవర్ ఎత్తాడు. బంతి నేరుగా వెళ్లింది. ఆ హోల్ అతనిదే.

ఐదో హోల్ మీద మామే గెలిచాడు, అది కూడా బంతి కొట్టకముందే. 1915లో, కోర్సు కట్టకముందే, సరిగ్గా ఇక్కడి అంచు స్థలం ప్రైవేటు మనిషికి అమ్ముడైపోయింది. నెవిల్, గ్రాంట్ చేసేది లేక ఐదో హోల్‌ని లోపలికి, చెట్ల మధ్యకి తిప్పారు. కంపెనీ ఆ స్థలాన్ని తిరిగి కొన్నది 1995లో. పేరున్న ఆటగాడు జాక్ నిక్లాస్ గీసిన కొత్త ఐదో హోల్ 1998లో తెరిచారు.

“అంటే,” అన్నాడు మామ, “నువ్వు భక్తితో చూస్తున్న ఈ అంచు కోర్సులోకి వచ్చి ముప్పై ఏళ్లు కాలేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో తేలిన సముద్రం ఇది.”

“వచ్చిందిగా చివరికి.”

ఆరో హోల్ ఒక పెద్ద బండ మీదకి ఎక్కుతుంది. అక్కడ మామ బంతి రెండుసార్లు కొండకి కొట్టుకుని కిందకి జారింది. దాని గురించి ఆయన ఏమీ అనలేదు, మేనల్లుడు అడగనూ లేదు.

ఏడో హోల్ దగ్గర ఇద్దరూ కాసేపు మాట మానేశారు. గోల్ఫ్ పత్రికల ముఖచిత్రాల మీద తరచూ కనిపించే హోల్ ఇది. టీ ఎత్తులో ఉంటుంది. గ్రీన్ కింద, సముద్రంలోకి పొడుచుకుపోయిన చిన్న నేల ముక్క మీద, చుట్టూ బంకర్లతో. పొడవు 106 గజాలు, అంటే వంద మీటర్లు కూడా లేదు. ప్రపంచంలోని పెద్ద టోర్నమెంట్లు జరిగే కోర్సుల్లో ఇంత పొట్టి హోల్ ఇంకోటి లేదు. గాలి లేని రోజున మామూలు ఆటగాడు కూడా వెడ్జ్ తీసి బంతిని పైకి లేపి గ్రీన్ మీద వెయ్యగలడు. గాలి ఉన్న రోజు లెక్క వేరు. 1992 యూఎస్ ఓపెన్ చివరి రోజున ఇక్కడ గాలి విరుచుకుపడింది. ప్రొఫెషనల్స్‌లోనే చాలామంది 80 దెబ్బల లోపు ముగించలేకపోయారు. టామ్ కైట్ ఈ ఏడో హోల్ మీద ఆరో నంబర్ ఐరన్ తీశాడు. మామూలప్పుడు అదే క్లబ్బుతో అతను ఇంతకన్నా చాలా ఎక్కువ దూరం కొడతాడు. అయినా బంతి గ్రీన్ తప్పింది. గడ్డిలోంచి వెడ్జ్‌తో తేల్చి కొట్టిన రెండో దెబ్బ తిన్నగా గుంటలోకి పోయింది. కైట్ ఆ టోర్నమెంట్ గెలిచాడు.

“ఇప్పుడు చెప్పండి,” అన్నాడు మేనల్లుడు. “సముద్రం ఆడలేదా?”

“గాలి ఆడింది.”

“గాలి ఎక్కణ్ణుంచి వచ్చింది?”

“గాలి మాకూ ఉంది. అలల పోటు తిరిగితే గాలీ తిరుగుతుందని మా ఊళ్లో అంటారు. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడూ ఎదురుగాలి. కానీ నాకు అక్కడ గాలి కింద నుంచి వెళ్లే దారి ఉంది. బంతిని నేలబారుగా కొట్టి, యాభై గజాల నుంచి పట్టర్‌తోనైనా దొర్లించుకుంటూ పోవచ్చు. ఇక్కడ గ్రీన్ ముందు అడ్డంగా బంకర్ పెట్టారు. గాల్లోంచి తప్ప దారి లేదు. ఆటగాడికి ఒకే సమాధానం ఉన్న ప్రశ్న ఏం ప్రశ్న?”

అని ఆయన ఎనిమిదో ఐరన్ తీసి, చేతులు పొట్టిగా ఆడించి, బంతిని తక్కువ ఎత్తులో గాలి కిందుగా పంపాడు. అది అడ్డంగా ఉన్న ఆ బంకర్‌లోనే పడింది. మేనల్లుడిది గ్రీన్ మీద నిలిచింది. వాదనకి దీనివల్ల బలం వచ్చిందో తగ్గిందో ఇద్దరూ చెరో రకంగా తీసుకున్నారు.

మామ చెప్పిన ఆ ఒకే సమాధానం మాట ఎనిమిదో హోల్‌కి పనిచెయ్యదు. అక్కడ రెండో దెబ్బ సముద్రం కోసుకుపోయిన లోయ మీదుగా కొట్టాలి. నిక్లాస్ ఆటలో తనకి అన్నిటికన్నా ఇష్టమైన రెండో దెబ్బ అదేనని చెప్పాడు. మొదటి దెబ్బ ఎంత దూరం కొట్టాలన్నదే అసలు చిక్కు: అంచుకి దగ్గరైతే రెండోది తేలిక, ఒక్క అడుగు ఎక్కువైతే బంతి అంచు అవతల. 2022 ఫిబ్రవరిలో జోర్డన్ స్పీత్ అనే ప్రొఫెషనల్ బంతి సరిగ్గా అంచున ఆగింది. ఒక కాలు పైన, ఒక కాలు వాలులో పెట్టి, కింద పాతాళంలో రాళ్లు కనిపిస్తుండగా కొట్టాడు. సంచీ మోసే కాడీ వద్దని బతిమాలాడు. స్పీత్ కొట్టి వెనక్కి పరిగెత్తాడు, పార్ (ఆ హోల్‌కి మంచి ఆటగాడికి పట్టే దెబ్బల లెక్క) కూడా దక్కించుకున్నాడు.

“ఇదీ ఆటే అంటావా? నా వృత్తిలో దీనికి వేరే పేరుంది.”

“ఏమిటి?”

“మత్తు ఇవ్వక్కర్లేని కేసు.”

తొమ్మిది, పది హోల్స్ కూడా అంచు వెంటే. పదో హోల్ మీద మేనల్లుడి బంతి కుడికి వంకర తిరిగి, ఒకసారి గడ్డి మీద ఎగిరి, కనబడకుండా పోయింది. చప్పుడు కూడా వినిపించలేదు. అతను జేబులోంచి ఇంకో బంతి తీశాడు.

“అదెక్కడికి పోతుందో తెలుసా నీకు?” మామ గొంతు మారింది. పరాచికం పోయింది. 2016లో కార్మెల్‌కి చెందిన ఒక హైస్కూలు అమ్మాయి ఇక్కడి నీళ్లలో ఈదుతూ, అడుగున తెల్లటి బంతులు పరుచుకుని ఉండటం చూసింది. తండ్రితో, స్నేహితులతో కలిసి ఏరడం మొదలుపెట్టింది. స్టాన్‌ఫర్డ్‌కి చెందిన ఒక శాస్త్రవేత్త తోడయ్యాడు. రెండేళ్లలో, కంపెనీ మనుషులు తీసినవాటితో కలిపి, లెక్క 50,000 దాటింది. 2019లో దాని మీద పరిశోధనా పత్రం అచ్చయింది. బంతి లోపలి రబ్బరులో జింక్ సమ్మేళనాలుంటాయి. అలలకి రాళ్ల మధ్య అరిగి అరిగి పైతొడుగు పొడైపోతుంది. ఇదంతా జరుగుతున్నది మాంటెరే బే జాతీయ సముద్ర అభయారణ్యంలో, సముద్రపు నీటికుక్కలు తిరిగే నీళ్లలో.

“నీ సముద్రం ఆడుతోందన్నావు కదా. ఆడేవాడి నోట్లో ఇన్ని బంతులు కుక్కుతారా?”

మేనల్లుడు తల దించుకోలేదు. ఈ ప్రశ్న అతనికి కొత్త కాదు. “తప్పే. ఆ పత్రం వచ్చాక కంపెనీ నీటి అడుగున ఏరివేత పెంచింది. కానీ ఒక మాట చెబుతాను వినండి. కాలిఫోర్నియాలో నీళ్లు ఎంత కరువో మీకు తెలీదు, మీ ఊళ్లో వానే తోటమాలి. ఇక్కడ 1994 నుంచి శుద్ధి చేసిన మురుగునీటిని కోర్సులకి పెట్టడం మొదలుపెట్టారు. ఆ శుద్ధి ప్లాంటు ఖర్చుకి కంపెనీ పూచీ పడింది. మొదట్లో ఆ నీళ్లలో ఉప్పు ఎక్కువై గ్రీన్స్ మీది పోవా గడ్డి మాడిపోయేది. తర్వాత ఉప్పు తీసేసే యంత్రాలు పెట్టారు. ఇప్పుడు ఈ చుట్టుపక్కల కోర్సులన్నీ ఆ నీళ్ల మీదే బతుకుతున్నాయి. ఇక్కడ మనం తొక్కుతున్న పచ్చదనానికి తాగునీళ్లు పోయట్లేదు.”

“మురుగుతో గడ్డి పెంచి, సముద్రంలో రబ్బరు వేస్తున్నారు. సరే, సగం మార్కులిచ్చాను.”

పదకొండు నుంచి పదహారు దాకా కోర్సు మళ్లీ లోపలికి పోతుంది. పెబుల్ బీచ్ భక్తుల్ని అడిగినా ఈ ఆరింటిలో రెండింటికి మించి గుర్తుకు తెచ్చుకోలేరు. ఈ నడకలోనే అసలు తగాదా బయటపడింది. అది సముద్రం గురించి కూడా కాదు, నేల గురించి.

మామ వాదన ఇది. సెయింట్ ఆండ్రూస్‌లో ఆడుకునే హక్కు ఊరివాళ్లది. 1552లో ఆర్చ్‌బిషప్ హామిల్టన్ రాయించుకున్న పత్రంలో ఆ నేల మీద కుందేళ్లు పెంచుకునే హక్కు ఆయనకి, గోల్ఫ్ ఆడే హక్కు ఊరికి. 1764లో అక్కడ 22 హోల్స్‌ని 18కి కుదించారు. ఇవాళ ప్రపంచమంతా 18 ఆడుతున్నది అందుకే. ఆదివారం ఓల్డ్ కోర్స్‌లో గోల్ఫ్ ఉండదు. కుక్కల్ని తిప్పేవాళ్లు, పిల్లల బండ్లు తోసేవాళ్లు ఫెయిర్‌వేల మీద షికారు చేస్తారు. “నేను ఊరివాణ్ణి కాబట్టి ఏడాది మొత్తానికి కట్టేది నీ ఈ ఒక్క పూట ఖర్చుకన్నా తక్కువ. నీ కోర్సు ఎవరిది? ఒకప్పుడు ఈ స్టిల్‌వాటర్ కోవ్ ఒడ్డున చైనా జాలరుల గుడిసెలుండేవి. వాళ్లేరి? కారేసుకుని ఈ రోడ్డు చూడాలన్నా గేటు దగ్గర డబ్బు కట్టాలి. 1990లో జపాన్ వ్యాపారి కొన్నాడు, రెండేళ్లకి చేతులు మారింది, 1999లో క్లింట్ ఈస్ట్‌వుడ్, ఆర్నల్డ్ పామర్, పీటర్ యూబెరాత్ వాళ్లూ కలిసి 82 కోట్ల డాలర్లకి కొన్నారు. అంగట్లో వస్తువు.”

“మీ ఊరు అమ్మలేదా?”

మామ ఆగాడు.

“18వ శతాబ్దం చివర్లో మీ పురపాలక సంఘం అప్పుల్లో మునిగి ఆ నేలని వదులుకుంది. కుందేళ్ల వ్యాపారుల పాలైంది. ఫెయిర్‌వేలన్నీ బొరియలు. ఇరవై ఏళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. చివరికి 1821లో జేమ్స్ చీప్ అనే భూస్వామి కొని కాపాడాడు. ఆయనకి గోల్ఫ్ ఇష్టం కాబట్టి. ఇష్టం లేకపోతే? ఊరు దాన్ని మళ్లీ కొనుక్కున్నది 1894లో. ఉమ్మడి హక్కు అంటారు, ఒక మనిషి ఇష్టం మీద బతికింది. ఇంకోటి. ఇక్కడ డబ్బున్న ఎవరైనా, ఆడైనా మగైనా ఆడొచ్చు. మీ మొదటి టీ వెనక నిలబడిన ఆ రాతి భవనంలో, రాయల్ అండ్ ఏన్షెంట్ క్లబ్బులో ఆడవాళ్లకి సభ్యత్వం ఇవ్వడానికి 1754 నుంచి 2014 దాకా పట్టింది.”

“క్లబ్బు వేరు, కోర్సు వేరు. కోర్సు నడిపేది ఆ క్లబ్బు కాదు, ట్రస్టు.”

“ఓటు పెట్టింది స్కాట్లాండ్ రెఫరెండం రోజునే, సెప్టెంబర్ 18. దేశానికి స్వాతంత్ర్యం కావాలా అని ఒక పక్క, ఆడవాళ్లని లోపలికి రానివ్వాలా అని ఇంకో పక్క.”

“రెండో దానికి అవునన్నారుగా,” అన్నాడు మామ. ఆ హోల్ మీద ఇద్దరూ మూడేసి పట్‌లు వేశారు.

ఇక్కడ ఇద్దరూ మరిచిపోయిన మనిషొకడున్నాడు. బాబీ జోన్స్ 1921లో బ్రిటిష్ ఓపెన్ ఆడటానికి మొదటిసారి ఓల్డ్ కోర్స్‌కి వచ్చి, మూడో రౌండ్‌లో పదకొండో హోల్ బంకర్‌లో చిక్కుకుని, విసిగి బంతి జేబులో వేసుకున్నాడు. స్కోరు కార్డు చింపేశాడంటారు. తర్వాత అదే కోర్సుని ప్రేమించాడు, 1927లో అక్కడే ఓపెన్ గెలిచాడు. 1929లో యూఎస్ అమెచ్యూర్‌కి పెబుల్ బీచ్ వచ్చి, అందరూ అతనే గెలుస్తాడనుకుంటుండగా, మొదటి రౌండ్‌లోనే జానీ గుడ్‌మన్ అనే పందొమ్మిదేళ్ల కుర్రాడి చేతిలో ఓడిపోయాడు. మిగిలిన రోజులు ఖాళీ. పక్కనే ఉన్న సైప్రస్ పాయింట్‌లో ఆడాడు. ఆ కోర్సు కట్టిన అలిస్టర్ మెకంజీ, ఓల్డ్ కోర్స్‌ని కొలిచి 1924లో పటం గీసిన మనిషి. ఆ పరిచయంలోంచే అగస్టా నేషనల్ పుట్టింది. రెండు సముద్రతీరాల్లో ఓడిన ఆటగాడు చివరికి సముద్రం వాసనే లేని జార్జియాలో తన కోర్సు కట్టుకున్నాడు. మామకీ అల్లుడికీ మధ్య తీర్పు చెప్పమంటే అతనేమనేవాడో గానీ, సెయింట్ ఆండ్రూస్ అతనికి 1958లో పుర గౌరవం ఇచ్చింది, పెబుల్ బీచ్ ఇవ్వలేదు.

“మన సాహిత్ తీగల రెండు చోట్లా ఆడాడు తెలుసా?” అన్నాడు మేనల్లుడు, పదహారో గ్రీన్ దాటుతూ.

“తెలియకపోవడమేంటి? 2022లో 150వ ఓపెన్‌కి మా ఊరొచ్చాడు. రోడ్ హోల్ పక్కన నిలబడి చూశాను. వాళ్ల అమ్మానాన్నలది హైదరాబాదట.”

“మరుసటి ఏడాది నాపాలో ఫోర్టినెట్ టోర్నమెంట్ గెలిచాడు. కాలిఫోర్నియాలో పుట్టి పెరిగినవాడు. అంటే మావాడు.”

“ఇంటిపేరు తీగల. అంటే ఎవరివాడో నువ్వే చెప్పు.”

పదిహేడో హోల్ మళ్లీ సముద్రం వైపు. నడుం దగ్గర నొక్కేసినట్టుండే గ్రీన్, దాని వెనక రాళ్లు, నీళ్లు. పార్ మూడు, అంటే మంచి ఆటగాడికి మూడు దెబ్బలు. 1972 యూఎస్ ఓపెన్ చివరి రోజు నిక్లాస్ ఎదురుగాలిలో ఒకటో నంబర్ ఐరన్ కొడితే బంతి జెండా కర్రకి తగిలి అంగుళాల దూరంలో ఆగింది. పదేళ్ల తర్వాత, 1982లో, అదే నిక్లాస్ తన ఆట ముగించుకుని సమాన స్కోరుతో ఎదురుచూస్తున్నాడు. టామ్ వాట్సన్ బంతి ఈ గ్రీన్ ఎడమ పక్క ఒత్తు గడ్డిలో పడింది. గుంటకి దగ్గరగా వెయ్యమని కాడీ చెప్పాడు. దగ్గరగా కాదు, లోపలికే వేస్తానన్నాడు వాట్సన్. వేశాడు. వేలు చూపిస్తూ గ్రీన్ మీద పరిగెత్తాడు. రెండు స్ట్రోకులతో గెలిచాడు.

మామ చాలాసేపు ఆ గడ్డి వంక చూశాడు. ఆ దెబ్బ ఆయన టీవీలో చూసినవాడే.

“ఇది మాత్రం ఒప్పుకుంటాను. ఆ బంతి గాల్లో ఎక్కువసేపు ఎగరలేదు. నేల మీద దొర్లి, కర్రకి తగిలి పడింది. స్కాట్లాండ్ దెబ్బ.”

“మీకు నచ్చిందల్లా స్కాట్లాండ్‌దే.”

పద్దెనిమిదో హోల్. ఎడమ చేతి పక్క మొదటి నుంచి చివరి దాకా సముద్రం, పార్ ఐదు, ఫెయిర్‌వేలో చెట్లు. 1919లో ఇది పొట్టిది, పార్ నాలుగు. ఇప్పటి ఆకారం ఇచ్చింది 1922లో వచ్చిన హెర్బర్ట్ ఫౌలర్ అనే ఇంగ్లీషువాడు. దాన్ని బాగా సాగదీసి పార్ ఐదు చేశాడు. మేనల్లుడు ఈ వివరం చెప్పకుండా దాటేద్దామనుకున్నాడు. మామకి ముందే తెలుసు.

“టైగర్ వుడ్స్ కథ చెప్పు,” అన్నాడు మామ. “నువ్వు చెబితే వినాలని ఉంది.”

అల్లుడు చెప్పాడు. 2000 జూన్‌లో వుడ్స్ ఇక్కడ 15 స్ట్రోకుల తేడాతో యూఎస్ ఓపెన్ గెలిచాడు. పార్ కన్నా తక్కువలో ముగించినవాడు అతనొక్కడే. తర్వాతి నెలలోనే ఓల్డ్ కోర్స్‌లో 8 స్ట్రోకులతో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. నాలుగు రోజులు, 72 హోల్స్, 112 బంకర్లున్న కోర్సు. ఒక్క దాంట్లోనూ పడలేదు. “కానీ ఇక్కడ రెండో రౌండ్ చివర, ఈ టీ మీద నుంచే, బంతిని సముద్రంలోకి కొట్టాడు. టీవీలో బూతులు తిట్టాడు. కాడీ స్టీవ్ విలియమ్స్‌కి అప్పుడు గుండె ఆగినంత పనైంది. ముందు రాత్రి హోటల్ గదిలో పట్టింగ్ చెయ్యడానికి టైగర్ సంచీలోంచి బంతులు తీసి మళ్లీ పెట్టలేదు. మిగిలింది ఇక ఒకే ఒక్క బంతి. ఆ సంగతి టైగర్‌కి తెలీదు. కాడీ ఐరన్ కొట్టమని పోరాడాడు. వినకుండా డ్రైవర్ కొట్టాడు, అదృష్టం బాగుండి ఫెయిర్‌వేలో పడింది. చూశారా, మీ దగ్గర ప్రపంచ చాంపియన్‌కి ఏ ఆపదా రాలేదు. ఇక్కడ సముద్రం వాడి దగ్గర ఒక్క బంతి మాత్రం మిగిల్చింది. ఆడిందా లేదా?”

“మరి ఇదేమిటి?” మామ క్లబ్బుతో అంచు వైపు చూపించాడు. పద్దెనిమిదో ఫెయిర్‌వే పొడవునా అలలు నేలని తినెయ్యకుండా గోడ కట్టారు. రాయిలా కనబడేలా మలిచిన గోడ. “సముద్రం నిజంగా ఆడదామని వస్తే గోడ కట్టారు. కోసుకుపోయే హక్కు దానికి లేదు. బంతులు మింగే హక్కు మాత్రం ఇచ్చారు.”

“మీ మొదటి ఫెయిర్‌వే పక్కన ఏముంది? 1890ల్లో జార్జ్ బ్రూస్ పాత పడవల్లో రాళ్లు నింపి ముంచి కట్ట వేశాడు. అంతకుముందు అలలు ఎక్కడిదాకా వచ్చేవి? మీరు నేల సముద్రం చేసిందంటారు. అది మళ్లీ చెయ్యడానికొస్తే ఆపేశారు. అదే తీరాన, ఉత్తరంగా మాంట్రోజ్‌లో ఆపలేకపోతున్నారు, టీలు వెనక్కి జరుపుకుంటున్నారు. నిజమైన లింక్స్ అంటే అదే మరి, అక్కడికి వెళ్లి ఆడండి.”

మామ సమాధానం వెతుక్కుంటూ బంతిని బాగా కుడికి, సముద్రానికి దూరంగా కొట్టాడు. ఇళ్ల వైపు. మేనల్లుడు ఎడమ అంచు మీదుగా గురిపెట్టాడు. బంతి కాసేపు నీళ్ల మీద ఎగిరి, గాలికి ఒంగి, గోడకి గజం ఇవతల గడ్డిలో పడింది.

గ్రీన్ దగ్గర కార్డులు సరిచూసుకున్నారు. మామది 94, అల్లుడిది 91. కాడీకి ఇవ్వాల్సింది ఇచ్చాక మామ ఆ రోజు ఖర్చు పౌండ్లలోకి మార్చి చూసుకుని ఏదో గొణిగాడు.

“ఏప్రిల్‌లో రా,” అన్నాడు కారు దగ్గర బూట్లు విప్పుతూ. “బాలట్‌లో, అంటే ఆట వంతుల లాటరీలో, ఇద్దరి పేర్లూ వేస్తాను. ఆడే రోజుకి రెండ్రోజుల ముందు వెయ్యాలి. నీకు 300 పౌండ్లు దాటుతుంది, అది నువ్వే కట్టుకోవాలి. హ్యాండిక్యాప్ కార్డు తెచ్చుకో, లేకపోతే స్టార్టర్ ఆడనివ్వడు.”

“బాలట్‌లో మన పేర్లు రాకపోతే?”

“రాకపోతే పక్కనే న్యూ కోర్స్ ఉంది, అందులో ఆడదాం.”

“ఎప్పుడు కట్టారు అది?”

“1895లో.”